ఓటీపీ నాన్న ఫోన్‌కి వెళ్తుంది: పర్లాకిమిడి గ్రంథాలయంలో ఒక కేసు

పర్లాకిమిడిలో ఒక చిన్న గ్రంథాలయం చూసుకుంటున్నాను. అందులో కుర్రాళ్ల కోసం పెట్టిన మూడు కంప్యూటర్లున్నాయి. వాటిలో సోషల్ మీడియా సైట్లను ముందు మూసేశాం, ఒక అమ్మాయి వల్ల తెరిచాం, తెరిచిన పద్ధతి తప్పని తెలిసి మళ్లీ సర్దుకున్నాం. ఆ వైనమంతా సాటి లైబ్రేరియన్లకి పనికొస్తుందని రాస్తున్నాను. అమ్మాయి ఎవరో పోల్చుకోలేకుండా వయసు, తరగతి, చుట్టరికాల్లో కొన్ని మార్చాను. రాయడానికి ముందు ఆమెనీ వాళ్లమ్మనీ అడిగాను.

మా ఊరు, మా పాఠకులు

పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలోకి వెళ్లింది. 1992 నుంచి గజపతి జిల్లాకి ముఖ్యపట్టణం. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇళ్లల్లో తెలుగు, బళ్లో ఒడియా, ఆఫీసుల్లో ఒడియా, ఫోన్లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టిన తెలుగు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకున్నది, వాడుక తెలుగు కోసం పట్టుబట్టింది ఈ ఊళ్లోనే. ఆయన ఊళ్లో ఇప్పుడు తెలుగు గలగలా మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. ఈ సంగతి కేసులో మళ్లీ తగులుతుంది.

మా కంప్యూటర్ల దగ్గరికి వచ్చేది ఎవరో మొదట్లో నేను సరిగ్గా గమనించలేదు. సొంత ఫోన్ ఉన్నవాడికి మా దగ్గర పనేముంది? వచ్చేవాళ్లు ఫోన్ లేనివాళ్లు. ఇంటికి ఒకటే ఫోన్, అది అన్న చేతిలోనో నాన్న జేబులోనో ఉండే ఆడపిల్లలు. కొండమీది సవర ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు. రీఛార్జ్ అయిపోయిన కుర్రాళ్లు. మేం ఏది మూసినా దెబ్బ తగిలేది వీళ్లకే, ఫోన్ ఉన్నవాళ్లకి కాదు. ఇంత చిన్న లెక్క నా బుర్రకి ఎక్కడానికి ఏడాది పైనే పట్టింది.

ముందు మూసేశాం

ఒక సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు రీల్స్ పెట్టుకుని గట్టిగా నవ్వారు. రోజూ పేపరు చదువుకోవడానికి వచ్చే రిటైర్డ్ మాస్టారు ఒకరు కమిటీకి చెప్పారు. మర్నాటికి రౌటర్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఇంకో నాలుగు సైట్లు బ్లాక్ చేసేశాను. పావుగంట పని. పిల్లలెవరూ ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అనుకున్నాం. వాళ్ల మౌనానికి అర్థం వేరు. అడిగితే ‘అయితే నువ్వు అవే చూస్తున్నావన్నమాట’ అంటారని భయం.

అప్పట్లో నేను ధైర్యం తెచ్చుకున్నది అమెరికా సంగతులు చదివి. పెద్ద పెద్ద దేశాల్లోనే లైబ్రరీల్లో ఇవి మూస్తారట కదా అని. తర్వాత నిదానంగా చదివితే సంగతి వేరుగా ఉంది. అక్కడ 2000లో వచ్చిన పిల్లల ఇంటర్నెట్ రక్షణ చట్టం ప్రకారం, ఇంటర్నెట్ కోసం ప్రభుత్వ సాయం తీసుకునే లైబ్రరీలు అశ్లీల చిత్రాలు రాకుండా ఫిల్టర్ పెట్టాలి. 2003లో వాళ్ల సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కానీ ఆ చట్టంలో సోషల్ మీడియా సైట్లు మూయమని లేదు. మూయించడానికి 2006లో వేరే బిల్లు తెచ్చారు. మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటు జోరుగా ఉన్న రోజులవి. ప్రతినిధుల సభలో 410 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా 15 మాత్రమే. అయినా సెనేట్ దాటలేదు, చట్టం కాలేదు. 2011లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ ఇంకో మాట తేల్చింది: ఫలానా పేజీ పిల్లలకి హానికరం కావచ్చుగానీ, సైటుకి సైటే హానికరం అనుకోవడానికి లేదని. అంటే నేను ఆధారం చేసుకున్న చట్టం చట్టమే కాదు. మన దగ్గర అయితే గ్రంథాలయాలకి అలాంటి ఆదేశం చేసే చట్టమేదీ నా చేతికి రాలేదు. మూసింది నేను, నా వీలు కోసం.

ఆ అమ్మాయి వచ్చిన రోజు

ప్లస్ టూ మొదటి సంవత్సరం. వస్తే కెమిస్ట్రీ నోట్సు రాసుకుని వెళ్లిపోయేది. ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చుని, ఏమీ తెరవకుండా, మౌస్ మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. దగ్గరికి వెళ్తే లేచి నిలబడి, “మేడమ్, ఇన్‌స్టా రాదా ఇందులో?” అంది. రాదమ్మా అన్నాను. “అయితే పర్లేదు” అని బ్యాగు తీసుకుంది. మెట్లు దిగేదాకా ఊరుకుని, ఏదో తేడాగా ఉందనిపించి వెనక్కి పిలిచాను.

ఎవరో ఆమె పేరుతో, స్కూల్ ఫంక్షన్‌లో డాన్స్ చేసిన ఫొటోతో దొంగ అకౌంట్ తెరిచారు. ఫొటోల కింద బూతు రాతలు. క్లాసులోని మగపిల్లలకి ఆమె పంపినట్టుగా మెసేజ్‌లు. రీఛార్జ్ చేయించమని అడుగుతున్నాయి. ఆమె సొంత అకౌంట్ వాళ్లన్నయ్య ఫోన్లో ఉంది, ఆ ఫోన్ అన్నయ్యతో పాటు బరంపురం కాలేజీకి వెళ్లిపోయింది. అన్నయ్యకి చెబితే ముందు పడేది తన చదువు మీద దెబ్బ. ఆ అకౌంట్‌ని తన కళ్లతో చూసుకోవడానికైనా, ఫిర్యాదు చేయడానికైనా ఊళ్లో ఆమెకున్న చోటు ఈ మూడు కంప్యూటర్లే. వాటిని నేనే మూసి పెట్టాను.

రౌటర్ పాస్‌వర్డ్ కొట్టి ఆ నిమిషంలోనే తెరిచాను. కమిటీని అడగలేదు.

ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే పుస్తకాల్లో రాయని చిక్కులన్నీ ఇక్కడే ఉన్నాయి. కొత్త కంప్యూటర్ నుంచి లాగిన్ అవుతుంటే ఓటీపీ అడిగింది. అకౌంట్‌కి ఇచ్చిన నంబర్ వాళ్ల నాన్నది. ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నారు. పనిలో ఉండగా ఫోన్ తీయరు. భోజనాల వేళ దాకా కూర్చున్నాం. నా ఫోన్ నుంచి చేస్తే ఎత్తారు.

“ఓటీపీ ఎవలికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు అన్నారు గదమ్మా. ఆ మేడమ్ ఎవలు? ఏటి పని?”

ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు సరైన మాట. మేమే కదా గోడమీద పోస్టర్ అంటించాం, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని. ఇప్పుడు అదే లైబ్రరీ నుంచి ఓటీపీ అడుగుతున్నాం. అమ్మాయి ఏం చెప్పాలో తెలియక నా ముఖం చూసింది. అబద్ధం చెప్పించడం నాకు ఇష్టం లేదు. ఫోన్ తీసుకుని, “అయ్యా, మీరు చెప్పొద్దు. పెట్టేసి, మీ అమ్మాయి ఎప్పుడూ చేసే నంబర్‌కి మీరే చేసి ఇంట్లో వాళ్లని అడగండి. నమ్మకం కుదిరితేనే చెప్పండి” అన్నాను. ఆయన వాళ్లావిడకి చేశారు. ఆవిడ పక్కింటి ఫోన్ దగ్గర నుంచి మా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. “నా గుంట ఏటి తప్పు చేసింది మేడమ్?” అనడం ఆవిడ మొదటి మాట. తప్పు ఆమెది కాదని ముందు తల్లికి చెప్పుకోవలసి వచ్చింది, ఫిర్యాదు సంగతి తర్వాత. మూడోసారికి ఓటీపీ గడువు దాటకుండా అందింది.

లోపలికి వెళ్లాక ఆ దొంగ అకౌంట్ కనిపించలేదు. పెట్టినవాడు ముందే ఆమెని బ్లాక్ చేశాడు. స్నేహితురాలి దగ్గర లింకు తెప్పించాం, స్క్రీన్‌షాట్లు తీయించాం, తేదీ కనపడేలా. అకౌంట్ లేనివాళ్లు కూడా నింపగల ఫారం ఒకటి ఉంటుంది, వేరొకరు మన పేరుతో నడుపుతున్నారని చెప్పడానికి. అది ఇంగ్లిష్‌లో వచ్చింది. అమ్మాయి చదివేది ఒడియా, వాళ్లమ్మకి తెలిసింది మాట్లాడే తెలుగు. ఒక్కో లైను నేను తెలుగులో చెబుతూ పోతే, ఆమె తల్లి వైపు తిరిగి మళ్లీ తన మాటల్లో చెప్పింది. ఐడీ కార్డు చేత్తో పట్టుకున్న ఫొటో కావాలంది ఫారం. మా కంప్యూటర్‌కి కెమెరా లేదు. నా ఫోన్లో తీశాను, పంపాను, తర్వాత ఫోన్ ఆమె చేతికే ఇచ్చి ఫొటో తీసేయమన్నాను. తీసేసింది. చెత్తబుట్టలోకి కూడా వెళ్లి అక్కడా తీసేసింది. అప్పటిదాకా బిగపట్టి ఉన్న ఆ పిల్ల భుజాలు అప్పుడు కిందకి దిగాయి. ఫొటో దొంగిలించబడ్డ పిల్లకి, తన ఇంకో ఫొటో ఇంకొకరి ఫోన్లో మిగలడం లేదని చూసుకోవడం ఎంత అవసరమో నాకు ఆ క్షణంలో తెలిసింది.

మూడో రోజుకి అకౌంట్ పోయింది. పెట్టినవాడెవడో తేలలేదు. పోలీసులకి చెబుతామా అని అడిగాను. తల్లి వద్దంది, అమ్మాయి కూడా తల ఊపింది. నేను బలవంతం చేయలేదు. కానీ మా బోటి సరిహద్దు ఊళ్లలో ఒక మాట అందరికీ తెలిసి ఉండాలి. ‘అకౌంట్ ఆంధ్రా వాడిది, అక్కడికి వెళ్లండి’ అని ఎవరైనా తిప్పి పంపితే ఒప్పుకోనక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. డబ్బు పోతే 1930, పిల్లల కష్టానికి 1098. ఈ రెండు నంబర్లూ మా గోడమీద ఒడియాలోనూ తెలుగులోనూ రాయించాను.

తెరిచిన తీరులో తప్పు

కమిటీ ఒప్పుకుంది, రెండు షరతులతో. అశ్లీల సైట్లు రాకూడదు, పిల్లలు ఏం చూస్తున్నారో అందరికీ కనపడాలి. మొదటిది తేలికే. రౌటర్‌లో డీఎన్ఎస్, అంటే సైటు పేరు కొడితే దాని అడ్రసు వెతికిపెట్టే ఏర్పాటు, మార్చి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఉచిత ఫ్యామిలీ సర్వీసు 1.1.1.3 పెట్టాం. పెద్దల సైట్లని అది ఆపుతుంది. సోషల్ మీడియాని ఆపదు.

రెండోదానికి నేను 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనలు తెరిచాను. విడిగా గదులు కడితే అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించకూడదు, గదుల్లో లేని కంప్యూటర్ల తెరలు అందరూ తిరిగే చోటువైపు ఉండాలి అని అందులో ఉంది. అవి వ్యాపారంగా నెట్ ఇచ్చేవాళ్ల కోసం రాసినవి. మాలాంటి ఉచిత గ్రంథాలయం కోసం కాదు. అయినా మంచిదే కదా అని బల్లలు గోడకి ఆనించి, తెరలు హాలువైపు కనపడేలా పెట్టాను. పిల్లలు గోడవైపు తిరిగి కూర్చుంటారు, వెనక పేపర్ల బల్ల.

నెల తిరక్కముందే ఆడపిల్లలు రావడం తగ్గిపోయింది. పరీక్షల వల్ల అనుకున్నాను. ఒక మధ్యాహ్నం పేపర్ల బల్ల దగ్గర నేనే కూర్చుని తల ఎత్తి చూశాను. మెసేజ్ మెసేజంతా చదవగలిగాను, కళ్లజోడు లేకుండా. నేను చదవగలిగితే అక్కడ కూర్చునే కుర్రాళ్లు చదవరా? పిల్లల్ని కాపాడదామని చేసిన పని, వాళ్ల మాటల్ని ఊరందరి ముందూ పరిచినట్టయింది. ఆ దొంగ అకౌంట్‌కి కావలసిన ఫొటోలు, కబుర్లు అలాంటి చోటి నుంచే పుడతాయి.

బల్లలు తిప్పేశాం. ఇప్పుడు పిల్లల వీపు గోడకి, ముఖం నా కుర్చీవైపు. తెర నాకు కనపడదు, ముఖం కనపడుతుంది. కమిటీలో దీని మీద గట్టి వాదనే జరిగింది. తెర చూడకుండా కాపలా ఎలా కాస్తారు అన్నారు. నేను చెప్పింది ఇదే: ఆ అమ్మాయి వచ్చిన రోజు తెర మీద ఏమీ లేదు. నాకు తెలిసింది ముఖం చూసే. గంటకోసారి బల్లల మధ్య నడుస్తాను, వస్తున్నానని తెలిసేలా గాజులు, చెప్పులు చప్పుడు చేసుకుంటూనే. దొంగచాటుగా వెళ్లను.

ఇక బ్రౌజర్. పిల్లలు గెస్ట్ మోడ్‌లోనే కూర్చుంటారు. విండో మూయగానే లాగిన్లు, చూసిన పేజీల చిట్టా మా కంప్యూటర్‌లో మిగలవు. ముందు దీన్ని కేవలం జాగ్రత్త కోసం పెట్టాను, ఒకరి అకౌంట్ ఇంకొకరికి తెరుచుకోకుండా. దాని అసలు విలువ తర్వాత తెలిసింది.

పెదనాన్నగారు

రెండు నెలలకి ఆ అమ్మాయి పెదనాన్న వచ్చారు. మర్యాదస్థుడు. కుర్చీ ఇస్తే కూర్చుని, మంచినీళ్లు తాగి, “ఆడపిల్ల విషయం మేడమ్. వాళ్ల నాన్న ఊళ్లో లేడు. ఏటేటి చూస్తందో ఆ లిస్టు ఒక్కసారి చూపించండి” అన్నారు. లిస్టు లేదని చెప్పాను. నమ్మలేదు. కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లి తెరిచి చూపించాను. ఉన్నా చూపించేదాన్ని కాదని కూడా చెప్పాను, ఎందుకంటే రేపు ఎప్పుడైనా ఉన్న రోజున ఆయనే వచ్చి అడగవచ్చు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో ఇంకొకరికి చెప్పనివాళ్లం, దీనికి మాత్రం వేరే పద్ధతి ఎందుకు? ఆయన బాధగా, “అంటే పెద్దోళ్లం మాకు చెప్పరన్నమాట” అన్నారు.

ఆయనది కుతూహలం కాదు, భయం. నిజమైన భయం. అందుకే ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. ఆ పిల్లకి ఇంట్లో పెద్దవాళ్లకి కొదవలేదు. కానీ ఆ పెద్దవాళ్లలో ఎవరికి చెప్పినా ఫోన్ పోతుంది, లేదా చదువు పోతుంది. చెప్పుకోవడానికి చుట్టరికం లేని ఒక పెద్ద మనిషి కావాలి. మూడు అడుగుల దూరంలో, అడగగానే లేచి వచ్చేలా. మా ఊళ్లో ఆ కుర్చీ నాకు దొరికింది, అందుకే దాన్ని వదులుకోవడం ఇష్టం లేదు.

అలాగని అన్నీ కడుపులో దాచుకుంటానని ఏ బిడ్డకీ మాట ఇవ్వను. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందనో జరగబోతుందనో తెలిసినవాళ్లెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. అందుకే కూర్చోబెట్టగానే ముందే చెబుతాను: “చిన్నవి నాలోనే ఉంటాయి. నిన్నెవరైనా ముట్టుకున్నా, అలాంటి ఫొటోలు పంపమని బెదిరించినా నేను ఊరుకోను, నీకు చెప్పే చెబుతాను.” అలా ముందే చెప్పడం వల్ల చెప్పడం మానేసినవాళ్లు ఉండవచ్చు. తర్వాత తెలిసి మోసపోయామనుకోవడం కంటే అదే మేలు. నగ్నచిత్రాల బెదిరింపు అయితే ‘టేక్ ఇట్ డౌన్’ అని ఒక ఉచిత సేవ ఉంది. ఫొటో ఎక్కడికీ పంపనక్కర్లేదు. పిల్లల దగ్గర ఉన్న ఫైలు నుంచి ఒక అంకెల గుర్తు తయారై, ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఒప్పందంలో ఉన్న సైట్లు దానితో పోల్చి తీసేస్తాయి. ఇప్పటివరకూ మా దగ్గర ఆ అవసరం రాలేదు, కానీ ఎలా చేయాలో మా సహాయకురాలికి కూడా నేర్పి ఉంచాను.

తల్లిదండ్రుల మీటింగ్‌లో

ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపువాళ్లకి సోషల్ మీడియా అకౌంట్లు లేకుండా చేసింది. అది టీవీలో వచ్చాక మీటింగ్‌లో ఒక తండ్రి, “అక్కడ మూసేశారు, మీరేమో తెరిచారు” అన్నారు. అక్కడ బాధ్యత కంపెనీల మీద పెట్టారు, పిల్లల మీదో లైబ్రరీల మీదో కాదు అని వివరించాను. మన 2023 డేటా చట్టంలో కూడా 18 ఏళ్ల లోపువాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని, వాళ్ల మీద నిఘా పెట్టి ప్రకటనలు చూపకూడదని ఉంది. అవన్నీ అమలైతే నాకూ సంతోషమే. 13 ఏళ్లు నిండనివాళ్లకి మేమూ అకౌంట్ తెరిపించం, ఆ సైట్ల నియమమే అది. ఒక తల్లి మాత్రం, “మా వాడు ఇక్కడికొచ్చే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడు, ఇన్‌స్టాలో సినిమావాళ్ల రాతలు చదవడానికి” అంది. ఒడియా బడిలో చదివే పిల్లవాడు తెలుగు చదవడం మొదలుపెట్టాడంటే, వాడిని తెలుగు బొమ్మల పుస్తకాల బీరువా దాకా నడిపించడం నా పని. నడిపించాను. ఇప్పుడు కథలు చదువుతున్నాడు.

రిజిస్టర్

రిజిస్టర్‌లో ఇప్పుడు నాలుగు గడులు: పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ‘సాయం కావాలి’. చూసిన సైట్ల గడి లేదు. చివరి గడిలో టిక్కు పెడితే చాలు, ఎందుకో రాయనక్కర్లేదు. నేనే పక్కకి వెళ్లి కూర్చుంటాను. మొదటి వారాల్లో ఆ గడి ఖాళీగానే ఉండేది. వరసగా అందరికీ కనపడే పుస్తకంలో టిక్కు ఎవరు పెడతారు? అది కూడా ఒక పిల్లే చెప్పింది. ఇప్పుడు ఒక్కొక్కరికీ చిన్న చీటీ ఇస్తున్నాం, వెళ్లేటప్పుడు డబ్బాలో వేస్తారు. సాయంత్రం నేనే తీస్తాను.

నిన్న డబ్బాలో టిక్కు పెట్టిన చీటీలు రెండు ఉన్నాయి. ఒకటి ఓటీపీ కోసం. నాన్న సూరత్‌లో ఉన్నారట, రాత్రి షిఫ్ట్. రెండోది హాస్టల్ కుర్రాడిది. ఏమిటి బాబూ అంటే కాసేపు నేల చూసి, “రేపు చెప్తాను మేడమ్” అన్నాడు. ఈ రోజు నాలుగింటికి వస్తానన్నాడు. గోడవైపు చివరి కుర్చీ ఎవరికీ ఇవ్వకుండా ఉంచాను.